పీట పట్టని గుమ్మం

మా వీధి కళ్ళద్దాల షాపావిడ గురించి చెప్పడం మొదలుపెడితే నా నోరు ఆగదు. తండ్రి దగ్గర అద్దాలు అరగదీయడం నేర్చుకుంది, ఆ షాపులోనే జుట్టు నెరిసింది. మనుషుల మొహాలు అసలు గుర్తుండవు. "ఎడమ కన్ను మందం, కుడిది నయం, ఆయనేనా?" అంటుంది!

ఆదివారం వచ్చిందంటే షట్టరు సగం దించేసి, వెనక గదిలో బల్ల మీద యుద్ధం ఆట. బొటనవేలంత సైనికులు, గుర్రాలు, పాచికలు. ఒకవైపు ఆవిడ, ఎదురుగా ఆవిడ అక్క మొగుడు టైలరు. తగువు తీర్చడానికి నేను. బళ్ళో పిల్లల తగువులు వదిలాయనుకుంటే ఇవి పట్టుకున్నాయి.

ఒక వారం పక్క ఊరి జట్టు ఆడడానికి రావాలి, ఎవరి గుర్రాలు వాళ్ళవే. బల్ల మధ్యలో పెట్టే గుర్రపుశాల కట్టే పని ఆవిడకే అప్పగించాం. ఎప్పుడైనా కోటగోడ నుంచి గడ్డివాము దాకా ఆవిడే కడుతుంది, ఎవరూ కొలిచి చూడరు. ఆవిడకి అదే గర్వం. అయితే మా ఆటలో గుర్రం గుమ్మం దాటి లోపలికి వెళ్ళిపోతే ఆ వంతుకి దాన్ని ఏ బాణమూ ముట్టుకోదు. అంచేత గుమ్మం ఎంత వెడల్పన్నది చాలా పెద్ద సంగతి.

టైలరుకి అక్కడే అనుమానం పురుగు తొలిచింది.

"మాస్టారూ, ఆవిడ దాని మీద గుడ్డ కప్పుతోంది. ఎందుకంటారు?"

"దుమ్ము పడకుండా కాబోలు."

"దుమ్మా! షాపు అద్దాల మీద వేలితో పేరు రాయొచ్చు, దీనికి మాత్రం పరదానా? లోపలేదో తిరకాసుంది."

నవ్వేశాను గాని ఆ మాట నన్నూ పట్టుకుంది. కళ్ళ పవరు చూపించుకునే మిషతో వెళ్ళాను. ఆవిడ తన గుర్రాన్ని లోపలికి పంపుతూ, బయటికి తీస్తూ, ఒక్కతే నవ్వుకుంటోంది! నన్ను చూడగానే గుడ్డ కప్పేసింది.

"పవరేం మారలేదు మాస్టారూ. దేనికొచ్చారో చెప్పండి."

కళ్ళజోడు జేబులో పెట్టుకుని వచ్చేశాను. అనుమానం మాత్రం రెట్టింపయింది.

శనివారం సాయంత్రం గుడ్డ తీసింది. ఆహా! ఐస్‌క్రీమ్ పుల్లలకి టీ నీళ్ళు పట్టించి పాతకాలం చెక్క చేసింది. పాత చీపురు తుంపి గడ్డి పరిచింది. పైకప్పు మూతలా ఊడి వస్తుంది. తలుపులకేమో విరిగిన కళ్ళజోళ్ళ కీళ్ళు, ఆవగింజంత స్క్రూలతో సహా! నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను.

ఆవిడ గుర్రాలు వరసగా లోపలికి వెళ్ళాయి. టైలరు తన గుర్రాన్ని తోశాడు. గుర్రం పట్టింది గాని, దాన్ని నిలబెట్టే కింది పీట గుమ్మానికి అడ్డంగా తగిలింది. తిప్పి తోశాడు. ఊహూఁ.

"చెప్పానా!" అని ఎగిరాడు. "నీవి దూరతాయి, నావి గుమ్మంలో నిలబడి బాణాలు తింటాయి. బాగుందమ్మా మరదలా! ఇది బల్ల ఎక్కితే నేను ఆడను. ఇక నీచేత పిట్టగూడు కూడా కట్టించం."

ఆవిడ మొహం తెల్లబోయింది. నేను బడి గొంతు తెచ్చుకుని అడిగాను. "నువ్వేమంటావు?"

"నా గుర్రం పెట్టి కొలిచాను మాస్టారూ. బావని ఒక్క గుర్రం ఇమ్మని బతిమాలాను. ఇచ్చారేమో అడగండి."

"ఎందుకిస్తాను? జూలుకి నేను వేసిన రంగు కాపీ కొట్టేస్తావు!"

అనేశాక ఆ మాట ఆయనకే వినబడింది. గుర్రాలు పడిపోకుండా ఆయన కొత్తగా వెడల్పు పీటలు అంటించాడట. ఎవరూ చూడకూడదని గుండీల డబ్బాలో పెట్టి తాళం వేశాడు. ఇక ఆవిడకి ఎలా తెలుస్తుంది?

"నువ్వు గుడ్డెందుకు కప్పావమ్మా మరి?"

"ఈయన ఈ తలుపు కీళ్ళు చూసి, తన గుండీల డబ్బాకి పెట్టేసుకుంటారని!"

ఇద్దరికి ఇద్దరూ! నాకు నవ్వాగలేదు.

టైలరు మాత్రం నవ్వలేదు. "సరే, గుర్రం ఇస్తాను. కానీ ఇక్కణ్ణుంచి కదలను" అని స్టూలు ఎదురుగా లాక్కున్నాడు. ఆవిడ స్క్రూలు విప్పి, గుమ్మం అంచులు ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టింది. ఆయన రెప్ప వాల్చలేదు.

"బావా, లైటు ఇటు తిప్పండి." తిప్పాడు.

"చెయ్యి అడ్డం." తీశాడు.

"ఊపిరి కాస్త అటు వదలండి, పొడి ఎగురుతోంది."

చివరికి పీటతో సహా గుర్రం లోపలికి వెళ్ళింది. టైలరు చెంప బల్లకి ఆనించి తొంగిచూశాడు.

"చీకటిగా ఉంది. లోపలేం దాచావు?"

"మీ గుర్రాన్ని."

ఆయన దాన్ని బయటికి తీసి, జూలు వెనకా ముందూ చూసి, జేబులో వేసుకున్నాడు. "రేపు దీన్ని బల్ల మీద నేనే పెడతా. నువ్వు ముట్టుకోకు" అని లేచాడు. షట్టరు కింద వంగి వెళ్తూ ఆగాడు.

"వచ్చే నెల వంతెన కడతావుగా? కొలతకి గుర్రం కావాలంటే ముందే చెప్పు. దానితో పాటు నేనూ వస్తాను."