నేల కాయల సంచి

అడగకుండా ఎవరైనా సాయానికి వస్తే నేను ముందు వాళ్ల చేతులు చూస్తాను, తరువాతే ముఖం. మూడో తరగతితో బడి మానేశాను గానీ ఈ అలవాటు మాత్రం మానలేదు.

ఆ ఏడు కాఫీ పళ్లు ఎర్రబడే వేళకు ముంచింగిపుట్టు సంత నుంచి వస్తూ జారిపడ్డాను. చీలమండ వాచిపోయింది. కోడలు పురిటికి పుట్టింటికి వెళ్లింది, కొడుకు అక్కడే ఉన్నాడు. చూస్తే ఆకాశం మబ్బు పట్టి ఉంది. పండింది వానకు రాలిపోతే ఏడాది కష్టం మట్టిపాలే.

రెండు రోజులకు పక్క తోటావిడ నడుముకు బుట్ట కట్టుకుని వచ్చింది. నాకంటే చిన్నది, అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అంటుంది. మా మధ్య మాటలు తక్కువ. గట్టు మీది మిరియాల తీగ ఎవరిదని ఒకసారి గట్టిగానే అరుచుకున్నాం.

“నువ్వు కదలకప్పా. నాను కోసేత్తాను.”

“నిన్నెవులు రమ్మన్నారే?”

“ఎవులూ రమ్మన్లేదు. వానొచ్చీసినాగుంది, బేగి కొయ్యాల.”

ఒకరి తోటలో ఒకరు వంతులేసుకుని కోయడం మా వైపు ఉన్నదే. కానీ ఆ వంతు ముందే మాట్లాడుకోవాలి. మాట్లాడకుండా వచ్చిందంటే తరువాత ఏదో అడుగుతుంది. ఆ మిరియాల తీగే అయి ఉంటుందనుకున్నాను.

కర్ర పట్టుకుని వెళ్లి చెట్టు కింద గోనె పరుచుకుని కాపలా కూర్చున్నాను. ఎర్రవే కోసింది, పచ్చివి ముట్టలేదు. బుట్ట నిండినప్పుడల్లా తెచ్చి నా ముందే పోసింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

సాయంత్రం దొరికింది. కొమ్మల పని అయ్యాక ఆమె వంగి, రాలి నల్లబడిన కాయలను ఏరి వేరే సంచిలో వేసుకుంటోంది. నేల కాయకు ధర తక్కువే, అయినా అమ్ముడుపోతుంది. ఏటా ఆఖరున దాన్ని ఏరుకునేది నేనే. ఆ సంచి ఆమె చెప్పా పెట్టకుండా ఇంటికి పట్టుకుపోయింది. మర్నాడూ అంతే.

మూడో సాయంత్రం కుంటుకుంటూ వెనకే వెళ్లాను. ఆమె పెరట్లో పొయ్యి మీద పెద్ద కుండ మరుగుతోంది. అందులో నా కాయలు!

“నా కాయలు ఉడకేసుకుని తింతావేటే?”

ఆమె ఉలిక్కిపడి, ఆపైన నవ్వింది. ఒక కాయ తీసి చిదిపి చూపించింది. లోపల ఆవగింజంత నల్లటి పురుగు.

“నేల కాయలో దాక్కుంటాదప్పా ఇది. ఒగ్గేత్తే నా తోటకి రాదా? ఉడకేత్తే సచ్చిపోద్ది. నిన్నడిగితే ఇత్తువా? అందికే సెప్పలేదు. నా బాగు నాను సూసుకున్నాను.”

నా మనసు కుదుటపడింది. తన బాగు తను చూసుకునే మనిషితో నాకు భయం లేదు.

తిరిగి వస్తుంటే ఆమె తోట కనిపించింది. చెట్లన్నీ ఎర్రగా ఉన్నాయి. ఒక్క కొమ్మ కూడా కోయలేదు. పురుగు కోసమే అయితే నేల కాయ ఏరుకుపోతే చాలు కదా, మూడు రోజులు నా కొమ్మలెందుకు కోసినట్టు? నేను నమ్మగలిగే కారణమేదో చూసి అదే చెప్పిందేమో.

వాన ఇంకా పడలేదు. మర్నాడు చీలమండకు పాత చీర పీలిక బిగించి, బుట్టతో గట్టు దాటాను.

“ఏటప్పా, ఇలాగొచ్చినావు?”

“నీ తోటలో పురుగు నా తోటకి రాకండా,” అన్నాను.

ఆమె నా ముఖం చూడలేదు. ముందు చేతులు చూసింది.