కత్తులు నూరిన చింతమొద్దు

చెట్లు కోయడం నా వృత్తి. కోత మిషనుకు రెండు రకాల చైన్లు పెట్టుకుంటాను. ఒకదాని పళ్లకు మూలలు పదునుగా ఉంటాయి. శుభ్రమైన కర్రను చకచకా కోసేస్తుంది, ఇసుక తగిలితే మాత్రం నిమిషంలో మొండిబారుతుంది. రెండోదాని పళ్ల మూలలు గుండ్రం. నిదానంగా కోస్తుంది కానీ మట్టికీ ఇసుకకీ ఓర్చుకుంటుంది. భావనపాడు వైపు ఇసుకలో పడున్న సరుగుడు దుంగలకు అదే వేస్తాను. పనికి పిలిచిన ప్రతివాణ్ణీ ముందు కర్రకు మట్టి ఉందా అని అడుగుతాను. అందరూ లేదనే అంటారు. కాకి పిల్ల కాకికి ముద్దు.

నాన్న పోయిన ఏడాదికి అన్నయ్యా నేనూ వేరుపడ్డాం. పాతపట్నం దగ్గర మా ఊళ్లో, ఇంటి వాకిలి మధ్యగా గోడ కట్టాలి. గోడ వచ్చే చోట ఆరడుగుల చింతమొద్దు పడి ఉంది. దాని నడుమ జానెడు గుంట. నాన్న ముప్పై ఏళ్లు కత్తులూ కొడవళ్లూ అక్కడే నూరాడు. ఆ గుంట మా ఇద్దరికీ కావాలి. ఆ మాట ఇద్దరమూ పైకి అనలేదు. ఇత్తడి బిందె కోసం రెండు రోజులు వాదించుకున్నవాళ్లం, దీని దగ్గరకొచ్చేసరికి మహా మర్యాదగా సగానికి కోసేద్దామనుకున్నాం. అన్నయ్య టేపు పట్టాడు, నేను సుద్దముక్కతో గీత గీశాను. గీత సరిగ్గా గుంట మీదుగా పోయింది. న్యాయమంటే న్యాయమే.

నేను పదును చైను వేశాను. అమ్మ రోజూ ఊడ్చి కళ్లాపి జల్లే వాకిలి. మా మొద్దుకు మట్టేమిటి?

మిషను నాలుగు వేళ్ల లోతు దిగి ఆగిపోయింది. పేళ్లు రావాల్సిన చోట సున్నిపిండిలాంటి పొడి వచ్చింది, ఆ తర్వాత పొగ. చింతకర్ర గట్టిది కదా అని సర్దిచెప్పుకుని, ఆకురాయితో పళ్లు రుద్ది మళ్లీ పెట్టాను. మళ్లీ పొగ. అరుగు మీద కూర్చుని చూస్తున్న అన్నయ్య మూడోసారి పొగ వచ్చాక నోరు విప్పాడు.

"అయ్య అక్కడ ఇసకేసి కత్తులు నూరీవోడు కదరా. నీకు తెలీదేటి?"

తెలుసు. ఊరి పక్క వాగు, మా గెడ్డలోంచి ఆ ఇసుక తెచ్చి, జల్లించి పోసింది నేనే. ముప్పై ఏళ్ల ఇసుక కర్రలోకి ఇంకిపోయి ఉంది. ఆ గుంటను చూసినప్పుడల్లా నాకు నాన్న కనబడ్డాడు గానీ ఇసుక కనబడలేదు. నా వృత్తిలో ఇది తలవంపు.

గుండ్రం పళ్ల చైను వేసినా ఇక్కడ పొద్దుపోతుందనీ, జానెడు పక్కకి జరిగితే కర్ర శుభ్రంగా ఉందనీ అన్నయ్యకు చెప్పాను. చెప్పాక గానీ నాకు తట్టలేదు, పక్కకి జరిగితే గుంట ఎవరో ఒకరికే పోతుంది. సరే, పోట్లాటకు సిద్ధపడ్డాను. మాటలు కూడా కూర్చుకున్నాను. ఇసుక మోసింది ఎవరు, అని మొదలుపెడదామనుకున్నాను.

అన్నయ్య అరుగు దిగి వచ్చి సుద్దముక్క తీసుకున్నాడు. గుంట దాటాక, తన వైపు, కొత్త గీత గీశాడు.

"ఇక్కడ కొయ్యి. గుంట నువ్వట్టుకుపో."

నీ వాటా తగ్గుతుంది కదా అన్నాను.

"తగ్గితే తగ్గుతాది. అయ్య పక్కన కూకోబెట్టుకున్నాది నిన్నే, నన్ను కాదు."

కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. చైను మార్చి కోశాను. అయిదు నిమిషాల పని. కళ్లలో పొట్టు పడిందని చెప్పుకోవడానికి లేదు, అద్దాలు పెట్టుకునే ఉన్నాను. ఏడుస్తూనే కోశాను. అన్నయ్య చూశాడు.