మేకపాలు పొంగిన ఇల్లు

మా పై అంతస్తు ఆంటీ ఈ వారం కన్నుమూశారు. దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో మా భవనం బాల్కనీలన్నింటికీ ప్రపంచ కప్పు ఆడబోయే దేశాల జెండాలు వేలాడుతున్నాయి. ఆమె బాల్కనీలో మాత్రం ఎండిన నారింజ రంగు పూల గుత్తి ఉంది.

ఆమె లద్దాఖ్‌లో, సింధు నది లోయలో ఉండే బ్రోక్పా తెగ ఆడపడుచు, ఇక్కడ నర్సు. ఆమె కొత్తగా దిగిన రోజున మా అమ్మ జగిత్యాల అలవాటు కొద్దీ గిన్నెడు ఆవుపాలతో పైకి వెళ్ళి, "కొత్తిల్లు గదా చెల్లె, పాలు పొంగియ్యాలె" అంది. ఆంటీ గడపలోనే చేతులు అడ్డం పెట్టారు. బ్రోక్పాల సంప్రదాయంలో ఆవుపాలు నిషిద్ధం. అమ్మ నొచ్చుకునేలోపే హిందీలో సంగతి చెప్పి, మేకపాలు తెప్పించి, అమ్మ చేతనే పొంగించారు.

నిరుడు, ప్రపంచ కప్పు ఏర్పాట్ల సందడిలో ప్రవాసుల సాంస్కృతిక సాయంత్రం ఒకటి తలపెట్టి, ఆమెను పాడమన్నారు. ఆమె సంబరపడ్డారు. దోహాలో పెరిగిన కూతురు, తల్లి బ్రోక్‌స్కత్‌లో పలకరిస్తే హిందీలో బదులిచ్చేది. తమ భాషకు నలుగురిలో దక్కే గౌరవాన్ని ఆ పిల్ల ఒక్కసారి చూడాలన్నదే తల్లి కోరిక. తీరా పోస్టరులో "చిట్టచివరి స్వచ్ఛ ఆర్యులు" అని వేశారు. తీసేయమంటే, ఆ మాట లేకపోతే జనం రారన్నారు.

"మా పాట గిల్గిత్ నుంచి నడిచొచ్చిన దారిని చెబుతుంది. ఎక్కడ ఆగామో చెబుతుంది. రక్తం సంగతి అందులో లేదు," అని ఆమె తప్పుకున్నారు.

నేను ఊరుకోలేకపోయాను. గిల్గిత్‌లోని శినా భాషతో వీరి భాషకున్న చుట్టరికమూ, పాటల్లో మిగిలిన ఊళ్ళ పేర్లూ ఒక జాతి ప్రయాణానికి సాక్ష్యం. ముక్కు తీరూ కంటి రంగూ కావు. స్వచ్ఛత అన్నది పర్యాటకుల కోసం అల్లిన కథ. నిర్వాహకులతో తేల్చుకుంటానని బయలుదేరితే ఆంటీ నవ్వి ఆపారు. "ఆ కోపం కాలేజీ డిబేట్ పోటీలకు దాచుకో బేటా. శుక్రవారం మీ ఇంట్లో పాడతాను. అమ్మను చాయ్ పెట్టమను. ఏ పాలో తెలుసుగా."

అన్నట్టే నారింజ రంగు పూలు గుచ్చిన తమ సంప్రదాయ టోపీ పెట్టుకొని వచ్చి పాడారు. కూతురు మూలన కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఒక ఊరి పేరు తర్వాత ఆంటీ తడబడి ఆగారు. ఆ పిల్ల తల ఎత్తకుండానే తరువాతి పేరు అందించింది. ఆంటీ ఆమె వైపు చూడలేదు. ఆ పేరుతోనే పాట కొనసాగించారు.

నిన్న తల్లి భౌతికకాయాన్ని స్వగ్రామానికి తీసుకువెళ్ళేందుకు కూతురు బయలుదేరింది. టోపీని పెట్టెలో సర్దబోతున్న మా అమ్మను వారించింది. "అందులో నలుగుతుంది ఆంటీ" అంటూ తలకు పెట్టుకుంది. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా, నల్లని కోటు మీద ఆ నారింజ రంగు మాకు కనిపిస్తూనే ఉంది.