పెద్దల సభ ఎంపీగారు

అమలాపురంలో మా ఇంటికి ఎదురుగా ఒక రాజ్యసభ ఎంపీగారుండేవారు. ఏ మాట మొదలుపెట్టినా "మాది పెద్దల సభండీ" అని కండువా సర్దుకునేవారు. జనం ఓటేసి పంపిన మనిషి కాదాయన. పార్టీ పెద్దల్ని కాకా పట్టి, ఎమ్మెల్యేల ఓట్లతో ఢిల్లీ చేరిన మనిషి.

ఒకరోజు పొద్దున్నే రాజోలు నుంచి ఒకావిడ వచ్చింది. కువైట్‌లో ఆమె భర్త పాస్‌పోర్టు యజమాని లాక్కుని ఇంటికి రానివ్వడం లేదట. ఎంబసీకి ఉత్తరం రాయమని బతిమాలింది. పేపరు కోసం వెళ్ళి నేనూ ఆ వరండాలోనే ఉన్నాను.

ఆ ఉత్తరం ఏ సభ ఎంపీ అయినా రాయొచ్చు. ఈయన మాత్రం ఆమెను నిలబెట్టి పాఠం మొదలుపెట్టారు.

"ఇలాంటివన్నీ లోక్‌సభ వాళ్ళు చూసుకుంటారమ్మా. వాళ్ళు జనం ఓట్లతో గెలుస్తారు, ఐదేళ్ళు నిండకుండానే ఇంటికి పోతుంటారు. మా సభకి రద్దన్నదే లేదు. ఆరేళ్ళు మా జోలికెవరూ రారు."

"అయితే మా ఓటు మీకు అక్కర్లేదాండీ?"

"అక్కర్లేదమ్మా," అన్నారు గర్వంగా.

"ఆయ్, తెలుస్తానే ఉందండీ," అని ఆవిడ మెట్లు దిగింది.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయేమో, లోక్‌సభ ఎంపీ ఆ రోజే ఉత్తరం రాసిచ్చాడు. క్రిస్మస్ నాటికి ఆమె భర్త ఇల్లు చేరాడు. సంగతి తెలియగానే మా ఎంపీగారు పూలదండ, ఫొటోగ్రాఫర్‌తో సహా కారులో రాజోలు వెళ్ళారు. మర్నాడు పేపర్లో అంతా ఆయన కృషేనని పడింది. ఫొటోలో ఏమీ తెలియని భర్త దండతో నిలబడ్డాడు, పక్కన ఈయన నవ్వుతున్నారు.

ఎంత పిలిచినా ఆవిడ మాత్రం గదిలోంచి బయటికి రాలేదని డ్రైవరు చెప్పాడు.