ఏడు తేడా గల జతలు

మా ఆయన మలయాలో బంటింగ్ దగ్గర రబ్బరు తోటలో బడి పంతులు. నేను ఆ తోటలోనే పుట్టినదాన్ని. రబ్బరు ధర పడిపోయిన ఏడాది, మూడు నెలల్లో బడి ఎత్తేస్తామని దొర కబురు పెట్టాడు. పని లేనివాళ్లను ఓడ ఎక్కించి ఇండియాకు పంపేస్తున్నారు. నేను ఇండియా మొహం ఎరగను. భయపడాలని తెలుసు గానీ భయం రాలేదు. ఒళ్లంతా మొద్దుబారినట్టు ఉండేది, అంతే.

ఆయనకు మాత్రం ఒక ఆశ ఉంది. మద్రాసు నుంచి వచ్చే మాసపత్రికలో ఎవరో కాలేజీ లెక్కల మాస్టారు ఒక ప్రశ్న వేశాడు. రెండును రెండుతోనే హెచ్చవేస్తూ పోతే రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు వస్తాయి. మూడును అలాగే వేస్తే మూడు, తొమ్మిది, ఇరవై ఏడు. ఈ వరుసలోది ఒకటి, ఆ వరుసలోది ఒకటి తీస్తే, ఏడు తేడా వచ్చే జతలు మొత్తం ఎన్ని? అంతకు మించి లేవని రుజువు కూడా చూపాలి. సరిగ్గా చెప్పినవాడికి తన కాలేజీలో చిన్న ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. మద్రాసైనా ఇండియాయే కదా అన్నాను. పనితో దిగడం వేరు, పని లేక దిగడం వేరు అన్నాడు ఆయన.

నెలన్నర పాటు నాతో కంటే పలకతోనే ఎక్కువ కాపురం చేశాడు. రెండు వరుసలూ ఒకటితో మొదలుకావాలని పట్టుబట్టాడు. అదెక్కడి ఒకటి అని అడిగితే, “ఒక్కసారి కూడా హెచ్చెయ్యక ముందు ఏటుంటాది? ఒకటే ఉంటాది” అన్నాడు. అలా మొదటి జత ఒకటి, ఎనిమిది. తర్వాత రెండు, తొమ్మిది. ఆపైన తొమ్మిది, పదహారు. అక్కడి నుంచి వరుసలు ఎంత దూరం పోయినా ఏడు తేడా మళ్లీ రాదని ఆయన రుజువు. అది నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను.

ఉత్తరం రాయాల్సిన రోజుకు ఆయనకు చలిజ్వరం. కలం పట్టలేకపోయాడు. ఆయన చెబుతుంటే నేను రాశాను. జతలు ఒకదాని కింద ఒకటి వేయించాడు, రుజువంతా చెప్పాడు. ఆఖరున, జతలు లెక్కపెట్టి మొత్తం నువ్వే వేసెయ్యమని కళ్లు మూసుకున్నాడు.

మా నాయన తోట గిడ్డంగిలో బియ్యం కొలిచేవాడు. మొదటి కుంచాన్ని లాభం అనేవాడు. అందరూ లాభం తర్వాత రెండు అంటారు. మా నాయన మాత్రం లాభాన్ని దేవుడి బుట్టలో పోసి, ఆ తర్వాతి కుంచం నుంచి ఒకటి మొదలుపెట్టేవాడు. నేను లెక్క నేర్చుకున్నది ఆ కుంచం దగ్గరే. హెచ్చవేయక ముందే ఉన్న ఆ ఒకటి నా కంటికి లాభంలాగే కనిపించింది. దాని జతను లెక్కలోంచి వదిలేసి, మొత్తం రెండు అని వేశాను.

బడి మూసే వారంలో జవాబు వచ్చింది. రుజువు బాగుందట. కానీ జతల మొత్తం తప్పట. ఒకటి ఉన్న జతనూ కలిపి మూడు అని రాసిన మరొకరికి ఉద్యోగం ఇచ్చేశారట. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తప్పెక్కడ జరిగిందో నాకు వెంటనే తెలిసింది. ఏడుపు రాలేదు.

“జొరంలో నేనెన్ని సెప్పినాను?” అని అడిగాడు.

“రెండు” అన్నాను.

ఆయన నమ్మాడు. తిట్టినా బాగుండేది. పలక తుడిచి, పక్కింటి పిల్లకు ఇచ్చేశాడు.

క్లాంగ్ రేవులో ఓడ ఎక్కే ముందు ఆయన మా పెట్టెలు లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. వెనక జనం తోస్తున్నారు. అప్పుడు నా వైపు తిరిగి, “మూడేనా? నువ్వు సూసి సెప్పు. నా లెక్క నమ్మకు” అన్నాడు. పెట్టెల వైపు చూడకుండానే మూడే అన్నాను.