బొంతలో కలిసిన ఆకుపచ్చ చీర

నా కూతురి మొదటి బిడ్డ తొట్టెల నాడు జరిగిన సంగతి నేను మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

తొట్టెల జనగామలో మా ఇంట్లోనే చేశాం. పిల్లను మొదటిసారి తొట్టెలలో వేసేటప్పుడు తల్లిగారి తరఫువాళ్లు కింద ఒక బొంత పరవడం మా వైపు పద్ధతి. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి చేత్తో కుట్టే బొంత. నాకు సూదిపని రాదు. అందుకని బజారులో పెద్ద దుకాణం చూసి, కుందేలు పిల్లలా మెత్తగా ఉన్న దుప్పటి కొన్నాను. దాని మీద ఏనుగుల బొమ్మలు. ఇంటి నిండా చుట్టాలు. మా ఆయన పెద్దక్క, నాకు ఆడపడుచు, నెల్లికుదురు నుంచి వచ్చింది. ఆ దుప్పటిని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"ఏంది మరదలా, పిల్లకు గిది పరుస్తరా? ఇంట్ల పాత చీరెలు లేవా, కుట్టెటందుకు చేతులు లేవా?"

చుట్టాలు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పుడు అడిగినా కూర్చున్న వరసలో చెప్పగలను. సాయంత్రానికి పిల్ల వీపు మీద ఎర్రగా పేలింది. ఎండలకు పేలిందని నేను అన్నాను. ఎవరూ వినలేదు. దుకాణంవాడు దుప్పటి వాపసు తీసుకోలేదు, అది వేరే సంగతి.

కూతురు రెండోసారి నీళ్లాడే సమయం దగ్గరపడింది. అల్లుడికి భూపాలపల్లిలో బొగ్గు గనిలో ఉద్యోగం. పెద్దపిల్ల బడి పోతుందని కాన్పు అక్కడే అన్నారు, తొట్టెల కూడా అక్కడే. వచ్చేది అదే చుట్టాలు. ఈసారి బొంత నా చేతులతోనే కుట్టాలని, అదే ఆడపడుచు ముందు పరవాలని నిశ్చయించుకున్నాను. ఒక్క కుట్టు కూడా ఇంకొకరు వేయకూడదు. వేస్తే ఆ పేరు వాళ్లకే పోతుంది.

పాత చీరలతో కుడితే ఏం మర్యాదని కొత్త గుడ్డ కొన్నాను. నాలుగు వైపులా అంచుల వెంట గట్టిగా కుట్టుకుంటూ లోపలికి వచ్చాను. లోపలికి వచ్చేకొద్దీ గుడ్డ ముందుకు జరిగి జరిగి, చివరికి బొంత నడుమ పెద్ద ఉబ్బు లేచింది. అరచేత్తో అదిమితే పక్కకు జరుగుతుంది తప్ప పోదు. మా ఆయన రిటైరై ఇంట్లోనే ఉంటాడు. ఇలాంటివి చూసి మాటలనడానికి ఆయనకు కావలసినంత తీరిక.

"ఏందే, దీనికి ఎన్నో నెల?" అన్నాడు.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"అక్క దగ్గరికి పో. ఆమె లెక్క కుట్టేటోళ్లు మన చుట్టాలల్ల ఎవ్వరు లేరు."

అది నిజం. నిజం కావడమే నాకు కష్టంగా ఉంది. ఆ మాట మింగడానికి కొన్నాళ్లు పట్టింది. ఆ తర్వాత సంచి సర్దాను. అడుగున ఆ ఉబ్బిన బొంత పెట్టాను, పాత చీరలు పెట్టాను, మా ఆయన పాత ధోతులు పెట్టాను, అన్నిటికంటే పైన ఆకుపచ్చ చీర పెట్టాను.

ఆ చీర సంగతి చెప్పాలి. ఆడపడుచు నెల్లికుదురులో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసినప్పుడు వచ్చిన ఆడవాళ్లందరికీ పట్టుచీరలు పెట్టింది. నాకు మాత్రం ఈ నేతచీర పెట్టింది. నూలు చీర, సన్నటి అంచు, వేపాకు రంగు. ఆ రోజు నుంచి దాన్ని ఒక్కసారి కూడా కట్టలేదు. బీరువాలో అన్నిటికంటే కింద, మడత విప్పకుండా ఉంచాను. ఇన్నేళ్ల తర్వాత దాన్ని ఆమె చేతిలోనే పెట్టి, ఇది బొంతకు తప్ప దేనికీ పనికిరాదని చెప్పాలన్నది నా ఆలోచన.

మానుకోట దాకా రైలు, అక్కణ్నుంచి నెల్లికుదురుకు బస్సు. బస్సులో నా కిటికీ మూసుకోలేదు, ముందు సీటు వాళ్లది తెరుచుకోలేదు. నేను పోయేసరికి ఆడపడుచు వరండాలో కాళ్లు చాపుకుని బొంత కుడుతోంది.

నన్ను చూసి లేవలేదు. "కూసో" అంది. కూర్చున్నాను.

ఎంత కోపమున్నా చూసింది చెప్పాలి. ఆమె కుట్టు వంక చూడదు. వాకిట్లో కోళ్లను చూస్తుంది, వీధిలో పోయేవాళ్లను పలకరిస్తుంది. ఎడమ అరచెయ్యి బొంత కింద ఉంటుంది. సూది మొన అడుగున పొడవగానే ఆ చెయ్యి దాన్ని పైకి నెడుతుంది. కుట్లు వడ్లగింజల్లా ఒకదాని వెనుక ఒకటి, అన్నీ ఒకే పొడవు. మూల దగ్గరికి రాగానే బొంతను కాదు, తనను తాను తిప్పుకుంటుంది, కూర్చున్నచోటే జరిగి. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. ఆ జరగడంలో ఒక్క ముడత లేవలేదు.

నేను సంచి ఆమె ముందు బోర్లించాను. కొత్త గుడ్డతో కుట్టినదాన్ని ముందు చూసింది. నవ్వుతుందని కాచుకుని ఉన్నాను. నవ్వలేదు. ముంజేతి లోపలివైపు దాని మీద ఒకసారి రాసి పక్కన పెట్టింది.

"అంచుల పొంటి ఎందుకు మొదలుపెట్టినవ్? ముందుగాల నడుమ పెద్ద పెద్ద కుట్లు ఏసి పొరలన్ని ఒక్కటి చెయ్యాలె. అటెన్క అంచు. అన్ని కుదిరినంక ఆ పెద్ద కుట్లు పీకి పారెయ్యాలె."

తర్వాత పాత చీరలు ఒక్కొక్కటి తీసి చెంపకు ఆనించుకుని చూసింది. నైలాన్ కలిసినవి అవతల పడేసింది. ఆకుపచ్చ చీర దగ్గర ఆగింది.

"గిది కొత్తది గద. ఎక్కడిది?"

"నువ్వు పెట్టిందే వదినె. నీ గృహప్రవేశంల."

"నేనా?"

"అందరికి పట్టుచీరెలు పెట్టి నాకు గిది పెట్టినవు."

ఆమె చీర మడత విప్పి, అంచు చూసి, మళ్లీ నన్ను చూసింది.

"నాకు యాదికి లేదు మరదలా. ఇన్నేండ్లు గిదాన్ని నువ్వొక్కదానివే మోసినవా?"

గొడవపడుతుందనుకున్నాను, సంజాయిషీ చెబుతుందనుకున్నాను. దారంతా రెండిటికీ మాటలు సిద్ధం చేసుకున్నాను. యాదికి లేదు అనే మాటకు మాత్రం ఏమీ సిద్ధం చేసుకోలేదు.

"నూలు మంచిగున్నది," అంది ఆమె. "పిల్ల వీపుకు తాకే మీది పొర గిదే వెయ్యాలె. కని ఇప్పుడు పనికిరాదు. నేసినప్పటి గంజి అట్లనే ఉన్నది. కట్టని చీరె బొంతల కలువది."

"మరి ఎట్ల?"

"ఎట్లేంది? కట్టు. ఉతుకు. మల్ల కట్టు. మెత్తగయ్యేదాంక నా ఇంట్లనే ఉండు."

అలా, ఎన్నడూ కట్టనని ఒట్టు పెట్టుకున్న చీరను, పెట్టిన మనిషి ఇంట్లోనే, ఆమె కళ్ల ముందే రోజు విడిచి రోజు కట్టాను. మొదటి రోజు అట్టముక్క చుట్టుకున్నట్టు ఉంది. నడిస్తే గరగరమని చప్పుడు. పొద్దున్నే బండ మీద ఉతికి దండెం మీద వేస్తే, మధ్యాహ్నానికి ఆరేది. పక్కింటి ఆవిడ వచ్చి, "అక్కా, చీరె నీకు మంచిగ ఒప్పింది" అంది. గదిలోకి పోయి అద్దంలో చూసుకున్నాను. నిజంగానే ఒప్పింది. ఆ సంగతి ఆడపడుచుకు చెప్పలేదు.

ఈలోగా కింది పొరలు కుట్టడం మొదలుపెట్టాను. ధోతులు, పాత చీరలు నేల మీద పరిచి, మూలల మీద రోలు పొత్రం, ఇత్తడి చెంబులు బరువు పెట్టాం. ఆమె చెప్పింది, నేను కుట్టాను. చెప్పడం కూడా తక్కువే. ఒకరోజు అన్నం తిని కాసేపు నడుము వాల్చి లేచేసరికి, పొద్దుటి నుంచి నేను కుట్టిన వైపంతా విప్పేసి ఉంది. దారం ఉండ చుట్టి నా దిండు పక్కనే పెట్టింది.

"అడగకుంట ఎందుకు ఇప్పినవ్ వదినె?"

"దారం గుంజి గుంజి కుట్టినవ్. చూస్తె కనవడది. చెంప పెట్టు, ఎరుకైతది."

విప్పకుండా మిగిలిన చోట చెంప పెట్టి చూశాను. సన్నటి గట్లు తగిలాయి. నెలల పిల్ల రాత్రంతా ఆ గట్ల మీద పడుకోవాలి. విప్పినందుకు కోపం పోలేదు. అయినా సూదిలో దారం మళ్లీ ఎక్కించి, అదే వైపు మొదటి నుంచి కుట్టాను. దారాన్ని లాగకుండా, అది ఎంత వస్తే అంత రానిచ్చాను. ఆమె వచ్చి ముంజెయ్యి రాసి, ఏమీ అనకుండా పోయి పొయ్యి మీద చాయ పెట్టింది. ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో మెచ్చుకోవడమని అప్పటికి అర్థమైంది.

చీర మెత్తబడింది. ఇంకొక్క ఉతుకు చాలు, పై పొరగా పరుద్దామని ఆమె అన్న రోజునే ఫోను వచ్చింది. నేను ఆ చీర కట్టుకునే, బొంత మీద కూర్చుని అంచు కుడుతున్నాను. అల్లుడు మాట్లాడాడు. నొప్పులు మొదలయ్యాయట, దవాఖానకు తీసుకుపోతున్నారట.

గబుక్కున లేచాను. నాతోపాటు బొంత కూడా లేచింది.

ఏం జరిగిందో ముందు అర్థం కాలేదు. అడుగేస్తే చెంబు దొర్లిపోయింది, బొంత నా వెనకాలే వచ్చింది. చూసుకుంటే, కుచ్చిళ్ల అంచును జానెడు మేర బొంత అంచుకు కలిపి కుట్టేశాను. ఎన్నడూ లేనంత బాగా కుట్టాను. ఒక్క కుట్టు కూడా వదులుగా లేదు.

ఆడపడుచు నవ్వు ఆపుకోలేక గుంజకు ఆనుకుంది. పమిట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"నవ్వకు వదినె. కత్తెర తే. పిల్ల అక్కడ పరేషాన్ల ఉన్నది."

"కత్తెర ఎందుకు? గా చీరెకే అంత తొందరుంటె మనమెందుకు ఆపాలె? ఇప్పేసి వేరే చీరె కట్టుకో. అది ఎక్కడ పట్టుకున్నదో ఆడికెల్లే పరుద్దాం."

నిజంగానే అంచుకు అంచు దాదాపు కలిసింది. వేరే చీర కట్టుకుని వచ్చేసరికి ఆమె ఆకుపచ్చ చీరను ఆ జానెడు కుట్టు దగ్గర్నుంచి మెల్లగా సాగదీస్తూ, బొంత మీద రెండు మడతలుగా పరిచింది. నేను నడుమ పెద్ద కుట్లు వేశాను.

"నువ్వు పో," అంది. "నేను కుట్టి తొట్టెలకు తెస్త."

"నేనే కుడ్త."

"పిల్లను చూసుకుంటవా, బొంత కుడ్తవా?"

"రెండు చేస్త. నువ్వు కుడితే నీ బొంత అయితది."

ఆమె జాకెట్టుకు గుచ్చుకున్న తన సూది తీసి నాకిచ్చింది. నాది పొట్టిది, మందం గుడ్డలో ఇరుక్కుంటుందని ఆమెకు మొదటి రోజే తెలుసు. అప్పుడే ఇచ్చి ఉండవచ్చు. ఇవ్వలేదు. ఇది కూడా గుర్తుంది.

బొంతను మూటకట్టి బస్సెక్కాను. ములుగు దాటి, ఘనపూర్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఫోను. మనవడు పుట్టాడు, ఇద్దరూ బాగున్నారు. మూటను ఒళ్లో గట్టిగా పట్టుకున్నాను.

దవాఖాన వరండాలో కుట్టాను. కూతురు పడుకున్నప్పుడు ఆమె మంచం పక్కన కుట్టాను. అంచు నుంచి వరస వెంట వరస లోపలికి వస్తుంటే, నడుమ ఉబ్బు లేస్తుందేమోనని ప్రతి వరసకూ భయపడ్డాను. లేవలేదు. మూల దగ్గర బొంతను తిప్పకుండా నేనే జరిగాను. కోళ్లను చూస్తూ కుట్టడం మాత్రం నా వల్ల కాలేదు. నేను ప్రతి కుట్టూ చూసుకునే వేశాను.

తొట్టెల నాడు అదే చుట్టాలు వచ్చారు. ఆడపడుచు అందరికంటే ముందు వచ్చి తొట్టెల పక్కనే కూర్చుంది. నేను బొంత తెచ్చి ఆమె ముందే విప్పాను. ఆమె ముంజెయ్యి రాసింది, ఒక చివర్నుంచి ఇంకో చివరిదాకా. తర్వాత వంగి చెంప ఆనించింది. అందరి ముందు, అంత పెద్ద మనిషి.

నడుమకు కాస్త ఇవతల ఆమె చెంప ఆగింది. అక్కడ ఏముందో నాకు తెలుసు. కూతురు పిలిస్తే మధ్యలో లేచిపోయి, వచ్చి కుట్టిన చోటు.

"ఈడ కుట్టు జర ఎడమైంది, దూరం దూరం పడ్డది," అంది.

విప్పి మళ్లీ కుట్టడానికి సూది అడుగుతుందనుకున్నాను. ఆమె సూది నా దగ్గరే, జాకెట్టుకే గుచ్చుకుని ఉంది. నా చెయ్యి దాని మీదికి పోయింది కూడా. ఆమె అడగలేదు. బొంతను తొట్టెలలో పరిచి, నాలుగు మూలలూ సర్ది, మనవణ్ని తన చేతులతో దాని మీద పడుకోబెట్టింది.

ఎవరో అడిగారు, బొంత ఎవరు కుట్టారని.

"ఇంకెవలు, నా మరదలే. నేను ఒక్క కుట్టు ఎయ్యలె," అని అందరికీ వినపడేలా చెప్పింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "ఆమె కట్టుకున్న చీరెతోని, ఆమెను గుడ కలిపి కుట్టుకున్నది" అని మొదలుపెట్టి, చెంబు దొర్లడం దగ్గర్నుంచి మొత్తం చెప్పింది. ఆ రోజు నవ్విన వాళ్లే మళ్లీ నవ్వారు. నా కూతురు కూడా నవ్వింది.

పిల్లవాడు వేపాకు రంగు మీద కాళ్లు కాసేపు ఆడించి నిద్రపోయాడు. నిద్ర లేచాక వీపు తిప్పి చూశాను. ఎక్కడా ఎరుపు లేదు. ఆడపడుచును పిలిచి ఆమెకు కూడా చూపించాను.

పోయేటప్పుడు ఆమె సూది తిరిగి ఇవ్వబోయాను. "నీ దగ్గర్నే ఉంచుకో" అంది. ఉంచుకున్నాను. కుట్టు ఎడమైందన్న మాట కూడా ఉంచుకున్నాను.