మైసూన్ డాక్టరమ్మ సమ్మతి పత్రాలు

తన పెళ్లిలో షేక్ గారు "సమ్మతమేనా అమ్మా?" అని అడిగితే డాక్టర్ మైసూన్ ఒబైదాత్ సిగ్గుపడలేదు, తలా వంచలేదు. "ఆలోచించుకోవడానికి ఇరవై నాలుగు గంటలు గడువివ్వండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకునే హక్కు నాకుందని ఇందులో ఎక్కడా రాయలేదే?" అని నికా పత్రం అటూ ఇటూ తిప్పి చూసిందట. విందుకు పెట్టిన నలభై పళ్లేల మన్సఫ్ మాంసాన్నం చల్లారి గడ్డకట్టిందట. ఈ సంగతి ఇర్బిద్ ఊరంతటికీ చెప్పింది సెలూన్ ఫవ్వాజ్. ఆ పెళ్లికి ఫవ్వాజ్‌ను ఎవరూ పిలవలేదు. పిలవని పెళ్లి గురించే మనిషి నిష్పక్షపాతంగా మాట్లాడగలడని అతని వాదన.

డాక్టరమ్మ చాదస్తం ఆ ఒక్కటే. ఎదుటివాళ్ల సమ్మతి కాగితం మీద పడనిదే ఆవిడ ఏమీ అడగదు, ఏమీ చేయదు. యూనివర్సిటీలో ఇరవై రెండేళ్లుగా రక్తపోటు మీద పరిశోధన చేస్తోంది. అక్కడ ఈ పట్టింపును నీతి అంటారు. మార్కెట్ వీధిలో దీనికి వేరే పేర్లున్నాయి.

ఏడేళ్లకోసారి యూనివర్సిటీ వాళ్లు ప్రొఫెసర్లకు ఏడాది సెలవిస్తారు. పుస్తకం రాసుకోండి, బుర్రకు కాస్త గాలి తగలనివ్వండి అని. ఆ గాలి కోసం డాక్టరమ్మ అకబా సముద్రతీరానికి వెళ్లలేదు. ఫవ్వాజ్ సెలూన్ పక్కనే ఉన్న అబూ ఖల్దూన్ ఫలాఫెల్ వడల కొట్టు ముందు, మూలబల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. మెడలో యూనివర్సిటీ గుర్తింపు కార్డు మాత్రం అలాగే వేలాడుతోంది. రోజూ పొద్దున డిపార్ట్‌మెంట్ నుంచి ఫోను. "నేను సెలవులో ఉన్నాను" అని ఖరాఖండిగా చెప్పేస్తుంది. చెప్పి, వాళ్లడిగిన పనంతా మధ్యాహ్నం దాకా కూర్చుని చేసి పంపుతుంది. ఆర్నెల్లలో పుస్తకానికి పేరు, అంకితం పూర్తయ్యాయి. అంకితం తీసుకునే వాళ్ల సమ్మతి ఇంకా రావాలి.

ఒకనాడు సెలూన్ గుమ్మంలో నిలబడి, "ఫవ్వాజ్, నిన్నో ప్రశ్న అడగొచ్చా?" అంది.

"దానికేం డాక్టరమ్మా, అడగండి."

"అలా నోటిమాటగా కాదు. ముందిది చదువు."

రెండు పేజీలు. జవాబు చెప్పడం వల్ల కలిగే లాభాలు, నష్టాలు, ఇబ్బంది కలిగితే ఫిర్యాదు చేయాల్సిన చిరునామా. కుర్చీలో కూర్చున్న బేరం గడ్డం మీద సబ్బు ఎండి పెచ్చులు కట్టింది. ఫవ్వాజ్ సంతకం పెట్టి, ఊపిరి బిగబట్టి, "ఇప్పుడడగండి" అన్నాడు.

"టైమెంతయింది?"

ఫవ్వాజ్ తక్కువవాడేం కాదు. ఫార్మసీ రెండో ఏడాదిలో చదువు మానేసినవాడు. "మానేయడమేంటి? నా తెలివికి కాలేజీ తట్టుకోలేక చేతులెత్తేసింది" అని అందరికీ చెబుతాడు. ఆ తెలివితోనే, పక్కకొట్టు అబూ ఖల్దూన్ వాలకం బాగాలేదని వీధిలో అందరికంటే ముందు తనే కనిపెట్టానంటాడు.

నిజానికి అది కనిపెట్టడానికి కళ్లుంటే చాలు. అబూ ఖల్దూన్ భారీ మనిషి. నూనె మూకుడు ముందు నిలబడితే మొహం ఏదో, మూకుడు కింద మంట ఏదో తెలిసేది కాదు. తలపోటు వస్తే నుదుటికి నిమ్మచెక్క పెట్టి గుడ్డ బిగించేవాడు. వాళ్లన్నయ్యా అంతే. నిమ్మచెక్కలతో రెండేళ్లు నెట్టుకొచ్చి, ఓ పొద్దున పక్షవాతంతో పడిపోయాడు. ఈయన్నీ ఆస్పత్రికి పదమని పెళ్లాం అరిచింది, కొడుకులు అరిచారు, మసీదు ఇమాం గారూ మందలించారు. అరిచినవాళ్లందరికీ వేడివేడి ఫలాఫెల్ పెట్టి పంపించేశాడు.

అరవనిది డాక్టరమ్మ ఒక్కతే. సరిగ్గా పదింటికి రక్తపోటు చూసే పెట్టె తెరిచేది.

"అబూ ఖల్దూన్ గారూ, ఇవాళ మీ రక్తపోటు చూడడానికి సమ్మతిస్తారా? కాదనే హక్కు మీకుంది. కాదన్నా మన స్నేహానికి ఏ లోటూ రాదు."

"వద్దులేమ్మా, నీకెందుకు శ్రమ."

"మంచిది." పెట్టె మూత టక్కున పడేది. కాగితం మీద 'నిరాకరించారు' అని రాసుకుని, టీ తెప్పించుకునేది.

"గొప్ప డాక్టరమ్మ! మనిషి ప్రాణం పోతానంటే దానికీ ఫారం ఇస్తుందిరా ఈవిడ" అని ఫవ్వాజ్ వచ్చినవాడికల్లా చెప్పేవాడు.

ఒక రోజు అబూ ఖల్దూన్ గడ్డం గీయించుకుంటూ తనే ఎత్తుకున్నాడు. "ఇదేం మర్యాద ఫవ్వాజ్? చదువుకున్నావిడ, మన ఊరి ఆడపడుచు. ఒక్కసారి అడగడం, వద్దనగానే పెట్టె మూసేయడం! నీకు కాఫీ తెస్తే వద్దంటావు. ట్రే వెనక్కి పట్టుకుపోతానా? తాగకపోతే మా ఆవిడ ఉమ్ ఖల్దూన్‌కి విడాకులే అని ఒట్టేసి మరీ తాగిస్తానే!"

ఫవ్వాజ్ చేతిలో కత్తి ఆగిపోయింది. "అంటే మీరు వద్దన్నది..."

"మొదటిసారికే సరే అంటారట్రా ఎవరైనా? నేనేమన్నా మొహం వాచి ఉన్నానా? బలవంతం చేస్తే కదా ఒప్పుకునేది!"

సగం గడ్డంతో ఆయన్ని అక్కడే వదిలేసి ఫవ్వాజ్ పరిగెత్తాడు. డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. బల్ల మీద ఫైలుంది. ఎవరి సమ్మతీ లేకుండా తెరిచాడు. అన్నీ అబూ ఖల్దూన్ కాగితాలే, డెబ్బై ఒకటి. ఒక్కదాని మీదా పరిశోధన నంబరు లేదు. ప్రతిదాని అడుగునా చిన్న అక్షరాలు: 'ఇవాళ మొహం మరీ ఎర్రగా ఉంది.' 'నిమ్మచెక్క, రెండోసారి.' 'మూడు మెట్లకే ఆయాసం.'

"సంతకం లేకుండా నేనైతే ఎవరి ఫైలూ తెరవను" అంది డాక్టరమ్మ వెనక నుంచి.

"డాక్టరమ్మా, ఆయన మీరు బలవంతం చేస్తారని చూస్తున్నాడు!"

"తెలుసు. నేనూ ఇర్బిద్‌లోనే పుట్టాను. కానీ పరిశోధకులు బలవంతం చేయకూడదు. అది నియమం."

"పరిశోధనలో ఒకసారి కాదన్నవాణ్ణి మళ్లీ అడగొచ్చా?"

"అడగకూడదు."

"మరి డెబ్బై ఒక్కసార్లు?"

డాక్టరమ్మ టీ గ్లాసు ఎత్తింది. అందులో టీ లేదు. అయినా తాగింది.

"ఇంతకీ మీరు సెలవులో ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు ఫవ్వాజ్.

ఆవిడ లాప్‌టాప్ మూసేసింది. తర్వాత మెడలోని కార్డు తీసి సంచిలో వేసి, పెట్టె పట్టుకుని నేరుగా సెలూన్‌లోకి నడిచింది. మగాళ్ల సెలూన్‌లో ఆడమనిషి అడుగుపెట్టడం ఆ వీధిలో అదే మొదలు. బేరాలు తువ్వాళ్లు కప్పుకున్నారు.

"అబూ ఖల్దూన్ గారూ, చెయ్యి చాపండి."

"వద్దులేమ్మా, నీకెందుకు శ్రమ."

"శ్రమేం లేదు. చూడకుండా కదలను, అల్లా మీద ఒట్టు."

"అబ్బే, నీ పని పాడవుతుంది."

"చూపించకపోతే ఈ జన్మలో మీ ఫలాఫెల్ ముట్టను. అల్లా మీద ఒట్టు!"

ముల్లు నూట తొంభై దాటింది. సగం గడ్డంతోనే ఆయన్ని టాక్సీ ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఇప్పుడు అబూ ఖల్దూన్ పూటకో మాత్ర మింగుతున్నాడు, అదీ ఉమ్ ఖల్దూన్ మూడుసార్లు బతిమాలాకనే. నిమ్మచెక్కలు టీలోకి పోతున్నాయి. పుస్తకం మాత్రం అంకితం దగ్గరే ఉంది.

ఫవ్వాజ్ ఈ కథ రోజూ చెబుతాడు. మొన్నటికి డాక్టరమ్మ కుర్చీ ఎక్కి, వాళ్ల నాన్న సమాధి మీద మూడో ఒట్టు వేసేదాకా కథ పెరిగింది. పెళ్లి కథతో మొదలుపెట్టి అక్కడిదాకా చెప్పి చూస్తే, గుమ్మంలో డాక్టరమ్మ.

"పెళ్లిలో నేనడిగింది ఇరవై నాలుగు గంటలు కాదు, నలభై ఎనిమిది. ఒట్లు మూడు కాదు, రెండు. మూడోసారికి ఆయనే చెయ్యి చాపాడు."